కార్డులు తీస్కొని బడికి రాండ్రి

శనివారం మీటింగు ఉందని మా బస్తీ బడి గ్రూపులో హెడ్మాస్టరు సారు ఒక సంగతి పెట్టాడు. ఫోనున్న ప్రతి ఇల్లూ దానికి బొటనవేలు బొమ్మ పెట్టింది. కొందరు దండం పెట్టారు. ఒకామె గులాబీ పువ్వు పెట్టింది. శనివారం నాడు బడి వరండాలో సారు పరిపించిన జంపఖానా మీద నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులూ, ఎండకు తాళలేక లోపలికొచ్చిన ఒక కుక్కా కూర్చున్నాం. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు ఆ ఖాళీ జంపఖానాను చూశాడు, గడియారం చూసుకున్నాడు. "తల్లిదండ్రులకు ఆసక్తి లేనట్టుంది" అని సారుతో అన్నాడు. మమ్మల్ని చూసి కూడా అన్నాడు ఆ మాట.

సంగతి చిన్నదేమీ కాదు. మా బడిలో ఆరు, ఏడు తరగతులు తీసేసి పెద్ద రోడ్డు అవతలి బడిలో కలుపుతారట. ఆ రోడ్డు మీద వర్ని ఊరి వైపు నుంచి వడ్ల లారీలు, బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పిల్లల్ని రోజూ దాన్ని దాటించి వచ్చే తీరిక మా బస్తీలో ఎవరికుంది? ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చేస్తారు. ఐదో తరగతి అయిపోయిన ఆడపిల్లను రోడ్డు దాటించడం కన్నా, ఒళ్లో చాట పెట్టి చేతికి కత్తెర ఇవ్వడం సులువు. నా చేతికైతే బడి గడప తొక్కకముందే కత్తెర వచ్చింది. నా మనుమరాలు ఈ ఏడాదే ఐదు దాటి ఆరులోకి వచ్చింది.

"గురువారం పది గంటలకు మళ్లీ వస్తాను. అప్పుడూ ఇట్లాగే ఉంటే, ఇక్కడెవరికీ అభ్యంతరం లేదని రాసుకుని పోతాను" అని చెప్పి ఆఫీసరు బండెక్కాడు.

తిరిగి వస్తుంటే కిరాణా దుకాణం మలుపులో, ఒకప్పుడు అక్కడ నిలబడి కేక వేసే ఆమె గుర్తుకొచ్చింది. అప్పటికే కోపంగా ఉన్నాను. ఆమె గుర్తుకు రాగానే ఆమె మీద కూడా కోపమే వచ్చింది.

బడి వార్త బస్తీకి మోసుకొచ్చేది ఆమె. ఆ పని ఎవరూ ఆమెకు అప్పజెప్పలేదు. ఆమె పిల్లలు గానీ మనుమలు గానీ ఆ బడిలో లేరు. పొద్దున ప్రార్థన వేళకు వచ్చి గేటు బయట గోడ నీడలో కూర్చునేది. లోపల సారు మైకులో ఆ రోజు సంగతులూ, రాబోయే సంగతులూ చెప్తుంటే ఆకువక్క నములుతూ వినేది. ప్రార్థన కాగానే చీర దులుపుకుని లేచి బస్తీ మీద పడేది. ఏ ఇంటి తలుపూ తట్టదు, ఏ ఇంట్లోకీ రాదు. గల్లీ మొదట్లో నిలబడి, కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని కేక వేసేది. చెవి ఎందుకు మూసుకుంటావని ఒకసారి అడిగాను.

"నా గొంతు నాకే పడది పిల్లా. మీరెట్ల ఓర్సుకుంటున్నరో ఏమో" అంది.

నాకు మనుమరాలు పుట్టాక కూడా ఆమెకు నేను పిల్లనే.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో దాని కూతను బట్టే మాకు వేళ తెలిసేది. బియ్యం ఎప్పుడు కడగాలో, పిల్లల్ని ఎప్పుడు లేపాలో అది చెప్పేది. అది బందైపోయిన సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పేదో! "కూత పోయినంక ఈ ఊరికి చెవులు పోయినయి. గట్టిగ ఒర్రకపోతే ఎవలకు ఎక్కది" అనేది. ఆ కూత బాకీ తానే తీరుస్తున్నట్టు అరిచేది.

సారు మైకులో చెప్పేది పుస్తకంలో మాట. ఆమె నోట్లో పడి బయటికి వచ్చేసరికి దానికి కాళ్లూ రెక్కలూ వచ్చేవి. "నులిపురుగుల నివారణ దినోత్సవం" అని సారు అంటే, మా గల్లీలో కేక ఇట్లా వినిపించేది: "రేపు కడుపుల పురుగులు సచ్చే గోళి ఇస్తరంట! చీకితే తియ్యగుంటదంట! పొద్దుగాల పోరగాండ్లకు ఇంత బువ్వ వెట్టి తోలుండ్రి!" తియ్యగా ఉంటుందని సారు అననే లేదు. కానీ ఆ మాటకే పిల్లలు పరుగెత్తారు. ఇంకోసారి సారు "కంటి పరీక్షలు" అన్నాడు. "రేపు కండ్ల పరీక్ష ఉంది, తప్పించుకుంటె ఊకోరంట" అని ఆమె చాటింది. మా పక్కింటి పిల్ల, ఏ పాఠంలోంచి అడుగుతారో తెలియక సాయంత్రమంతా పుస్తకాలు ముందేసుకుని ఏడ్చింది.

బతుకమ్మ ఆట సంగతి అయితే ఇప్పటికీ చెప్పుకుంటారు. బడిలో ఆడించేది శుక్రవారం. ఆమె గురువారమని చాటింది. గల్లీ గల్లీ తంగేడు, గునుగు తెచ్చి పేర్చుకుని, పట్టుచీరలు కట్టుకుని పోతే లోపల లెక్కల పరీక్ష నడుస్తోంది. ఆడవాళ్లు గేటు ముందరే బతుకమ్మలు దించి చప్పట్లు మొదలుపెట్టారు. లోపలి పిల్లలు కిటికీలకు వేలాడి చూశారు. సారు బయటికి వచ్చి దండం పెట్టి, పరీక్ష అయ్యేదాకా పాట కొంచెం నెమ్మదిగా పాడమని బతిమాలాడు. మర్నాడు అసలు పండుగకు పువ్వుల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు ఒళ్లు మండేది. "తెల్వకపోతే సారును ఒక్క మాట అడగరాదా అక్కా?" అనేదాన్ని.

"అడిగితే సారు మళ్ల గదే పుస్తకం మాట జెప్తడు. ఒట్టి మాట ఎవలు మింగుతరు? జెర ఉప్పెయ్యాలె."

"నువ్వేసేది ఉప్పు గాదు. కూరనే మారుస్తున్నవ్."

"మారిస్తె మారిస్తి. తిన్నరా లేదా?" అని ఎర్రటి పళ్లు బయటపెట్టి నవ్వేది.

నాకు అక్షరాలు వచ్చింది ఆమె వేసిన ఉప్పు వల్లే. చదువు రాని ఆడవాళ్లకు పగటిపూట నేర్పుతానని బడిలో ఒక టీచరమ్మ ముందుకొచ్చింది. ఆ వార్తను కూడా ఆమే తెచ్చింది. "పగటీలి మూడు గొట్టంగ ఆడోళ్లకు అచ్చరాలు సెప్తరంట! చాటలు గూడ తెచ్చుకోవచ్చంట!" చాటల మాట టీచరమ్మ కలలో కూడా అనలేదు. కానీ చెయ్యి ఆగితే కార్ఖానాలో బీడీలు తక్కువ పడతాయి. చాట లేకుండా రమ్మంటే మాలో ఒక్కతె కూడా గడప దాటేది కాదు. వరండా నిండా చాటలు, తునికాకు కట్టలు, తంబాకు ఘాటు. టీచరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "సరే, కానీయండి" అంది. పలక మీద దిద్దింది ఇంటికి వెళ్లేలోపే మరిచిపోయేదాన్ని. అందుకని తునికాకు మీద కత్తెర మొనతో 'అ' గీసుకుని, కాసేపు చూసుకుని, ఆ ఆకునే బీడీగా చుట్టేదాన్ని. నా మొదటి అక్షరాలను ఏ ఊళ్లో ఎవరు కాల్చి పారేశారో.

ఆమె మాత్రం నేర్చుకోలేదు. వరండా మెట్టు మీద మాకు వీపు పెట్టి, బజారు వైపు చూస్తూ కూర్చునేది.

"నువ్వు గూడ రా అక్కా, రెండు అచ్చరాలు దిద్దు" అంటే, "నాకెందుకు పిల్లా? నేను సదివితే వార్త ఎండిపోతది" అనేది.

నాకు చదవడం వచ్చాక మా ఇద్దరికీ అసలే పడలేదు. ఆమె గల్లీలో కేక వేసి పోగానే నేను బడి గేటు దాకా పోయి బోర్డు చదివేదాన్ని. కూడబలుక్కుని చదివి, వెనక్కి వచ్చి ఆమెను పట్టుకునేదాన్ని.

"శనివారం గాదక్కా, సోమారం. బోర్డు మీద ఉంది."

"సక్కగ సదివినవా?"

"సదివిన."

"అయితె నువ్వే ఒర్రు."

పంతం వచ్చి నేనే గల్లీ మొదట్లో నిలబడి, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు అరిచాను. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. "నువ్వు ఒర్రుతుంటె అచ్చం బోర్డు ఒర్రినట్టే ఉంది పంతులమ్మా" అంది.

కొన్నేళ్ల కిందట, ఆ తరగతులు తీసేసే మాట మొదటిసారి వచ్చింది. అప్పుడు సారు మైకులో దాన్ని 'రేషనలైజేషన్' అన్నాడు. రేపు ఆఫీసరు వస్తారు, రేషనలైజేషన్ మీద సమావేశం, తల్లిదండ్రులందరూ రావాలి. కొత్త రేషన్ కార్డుల కోసం జనం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూస్తున్న రోజులవి. పొద్దెక్కకముందే బస్తీ దద్దరిల్లింది.

"రేపు బడిల రేషన్ మీటింగు ఉందంట! ఆఫీసరొస్తడంట! కార్డులు తీస్కొని బడికి రాండ్రి! కార్డు లేనోళ్లు ఆధారు తెచ్చుకోండ్రి!"

నేను గేటు దగ్గరికి పరుగెత్తి బోర్డు చదివాను. అంత పొడుగు మాట అంతకుముందు చదివి ఎరుగను. వెనక్కి వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాను.

"అక్కా, గది రేషన్ గాదు. ఎన్కాల ఇంకేదో ఉంది."

"ఏముంది?"

"లైజేషన్."

"అంటె?"

నాకూ తెలియదు.

"నాకు ముందు మాట దొరికింది, నీకు ఎన్క మాట దొరికింది. ఏది పనికొస్తదో రేపు సూద్దాం" అని కొంగు లాక్కుని పక్క గల్లీకి పోయింది.

మర్నాడు బడిలో కాలు పెట్టే సందు లేదు. ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన కార్డులు పట్టుకుని ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లల్ని ఇంగ్లిష్ మీడియానికి పంపేవాళ్లు కూడా వచ్చారు. బస్తీ చివర గుడిసెల్లో ఉండే మరాఠీ వాళ్లు ఇంటిల్లిపాది వచ్చారు. ఒక ముసలాయన బియ్యం పోసుకోవడానికి గోనెసంచి కూడా తెచ్చుకున్నాడు. ఆఫీసరు ఆ జనాన్ని చూసి చెప్పులు విడవడం మరిచిపోయి జంపఖానా తొక్కాడు.

"ఇంతమంది తల్లిదండ్రులా!" అన్నాడు. సారు గబగబా ఆయనకు కుర్చీ వేశాడు.

ఆఫీసరు సంతోషపడి ప్రసంగం మొదలుపెట్టాడు. చదువు గురించి, సమాజం గురించి. వెనక నుంచి ఒకామె, "సారూ, మాటలు ఎన్కసిరి జెప్పొచ్చు, ముందుగాల కార్డులు తీస్కోండ్రి. బీడీలు ఇయ్యాల్నే అప్పజెప్పాలె" అంది.

"ఏం కార్డులమ్మా?"

అప్పుడు బయటపడింది. ఆఫీసరు ఓపికగానే చెప్పాడు. ఇది బియ్యం సంగతి కాదు, పిల్లలు తక్కువున్న తరగతులు పెద్ద బడిలో కలిపే సంగతి. ముందుగా సంచి ముసలాయన లేచాడు.

"అంటె రేషన్ ఇయ్యరు. ఉన్న బడి గూడ గుంజుకుంటరు. గంతేనా?"

ఇక ఎవరి నోరూ ఆగలేదు. కోపం అసలు రేషన్ మీద. కానీ ఎదురుగా ఉన్నది బడి. నా బిడ్డ ఆ రోడ్డు ఎట్ల దాటుతది అని ఒకామె, దాటంగ లారీ కింద పడితె నువ్వొస్తవా అని ఇంకొకామె. మరాఠీ ఆమె తన భాషలో ఏదో అడిగింది. అర్థం కాకపోయినా అందరూ అవును అవును అన్నారు. పిల్లల్ని ఇంగ్లిష్ మీడియానికి పంపేవాళ్లు కూడా ఆ అరుపుల్లో కలిశారు. రేషన్ కోసం వచ్చినవాళ్లు మీటింగు అయిపోయేసరికి బడి కోసం వచ్చినవాళ్లయ్యారు. ఆఫీసరు చెమట తుడుచుకుని, "ఇంత ఆసక్తి ఉన్నచోట ఎట్లా తీసేస్తాం, ఉండనీయండి" అన్నాడు. ఆరు, ఏడు తరగతులు నిలిచాయి.

ఇంత జరుగుతుంటే ఆమె గేటు బయట తన చోటనే కూర్చుని ఆకు నములుతోంది. లోపలికి తొంగి కూడా చూడలేదు.

జనం బయటికి వచ్చి ఆమె మీద పడ్డారు. సంచి ముసలాయన, "అవద్దాల ముండా, ఇంత ఎండల నాతోని సంచి మోపిచ్చినవ్ గదనే!" అన్నాడు.

"సంచి తెమ్మన్ననా? కార్డులు తెమ్మన్న. ఇస్తరని అన్ననా? నా మాటల యాడన్న ఇస్తరని ఉందా? సదువొచ్చినోళ్లున్నరు గద, జెప్పుమనుండ్రి" అని నా వైపు చూసింది.

ఆలోచిస్తే నిజమే. ఇస్తారన్న మాట ఆమె కేకలో ఎక్కడా లేదు.

అందరూ పోయాక నేను ఒక్కదాన్నే అడిగాను. "నిజం జెప్పు అక్కా. తెలిసి అన్నవా, తెల్వక అన్నవా?"

ఆమె అరచేత్తో కుడి చెవి మూసుకుంది. "ఏమన్నవ్? నాకీ చెవు ఇనవడది" అని లేచి పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆమె పోయింది, ఆ జవాబు నాకు దొరకనే లేదు. అదొక మంట.

ఇంకో మంట ఉంది. ఆ రోజు తర్వాత ఆమె కేక వేస్తే లోపలి నుంచి నవ్వు వినిపించేది. "కార్డు తేవాల్నా అవ్వా? సంచి తేవాల్నా?" అని ఎత్తిపొడిచేవారు. అట్లా నవ్విన ఇళ్లలోనే ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. బడిలో మీటింగు అంటే ఏదో చేతిలో పెడతారు, పెట్టకపోతే అది మీటింగే కాదు. బడి నిలబడ్డ సంగతి ఎవరికీ గుర్తు లేదు, రేషన్ ఇవ్వని సంగతి అందరికీ గుర్తుంది. ఆమె ఒక్క కేకతో బడిని నిలబెట్టింది, ఆ కేకతోనే మా బస్తీని పాడు చేసింది. ఈ రెండిట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేక ఇప్పటికీ ఆమెతో మనసులో కొట్లాడుతూనే ఉంటాను.

తర్వాత ఫోన్లొచ్చాయి, గ్రూపొచ్చింది. "ఇక అవ్వకు తిప్పలు తప్పాయి" అన్నాడు సారు. మంచి మనసుతోనే అన్నాడు. ఆమె నా ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది గల్లీల నిలబడ్తదా?" అంది. అయినా పొద్దున గేటు దగ్గర కూర్చోవడం మానలేదు. వినేది, లేచేది, కేక వేయకుండా ఇంటికి పోయేది.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి చనిపోయింది. ఆమెకు ఫోను లేదు కనుక గ్రూపులో లేదు. గ్రూపులో లేని మనిషి పోయిన సంగతి గ్రూపుకు ఎట్లా తెలుస్తుంది? నేనే రాశాను. "మన బడి వార్తలు చెప్పే అవ్వ చనిపోయింది. రేపు పొద్దున దహనం" అని రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. వత్తులు కుదరవు, వేలు పక్క అక్షరం మీద పడుతుంది. నేను రాసి పంపేలోపే పిల్లల బూట్ల సైజులు పంపమని టీచరు పెట్టింది. నా మాట కింద కూడా బొటనవేళ్లు వచ్చాయి. ఒకామె మాత్రం తన కొడుకు బూట్ల సైజు రాసింది. దహనానికి వచ్చినవాళ్లు కొందరే. ఆ వార్త ఆమే చాటి ఉంటే బస్తీ మొత్తం వచ్చేది.

ఇప్పుడు మళ్లీ అదే మీటింగు. ఈసారి గ్రూపులో దాన్ని 'హేతుబద్ధీకరణ' అని రాశారు. ఆ వత్తులన్నీ దాటి చివరికి చేరేసరికి మొదలు ఏముందో మరిచిపోయాను. ఆమె అయితే 'హేతు' దగ్గరే ఆగి, "ఏతులోళ్ల మీటింగంట, గొప్పలు జెప్పుకుంటరంట" అని చాటి ఉండేది. దానికి కూడా ఎవరో ఒకరు తమాషా చూద్దామని వచ్చేవారు.

బుధవారం పొద్దు వాలాక నేనే బయల్దేరాను. నాకు కేక రాదు కనుక ఇల్లిల్లూ తిరిగాను. "రేపు పది గంటలకు బడిల మీటింగుంది, ఆరు ఏడు తరగతుల హేతుబద్ధీకరణ గురించి" అని మొదటి ఇంట్లో చెప్పాను.

"సూసిన అక్కా. ఏలు గూడ వెట్టిన" అంది ఆ ఇంటామె.

రెండో ఇంట్లో టీవీ చప్పుడు తగ్గించకుండానే తలూపారు. ఇంకో ఇంట్లో, "గాయన ఇంట్ల లేడు" అన్నారు. మా పక్కింటికి వచ్చాను. అప్పుడెప్పుడో కండ్ల పరీక్షకు ఏడ్చిన పిల్ల చెల్లెలు, నా మనుమరాలితో పాటే ఆరులోకి వచ్చింది. వాళ్ల అమ్మ గడపలో చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నేను చెప్పిందంతా విన్నది. తల ఎత్తలేదు.

"ఏమిస్తరంటక్కా?"

ఎన్నేళ్ల కోపమో ఆ ఒక్క మాటకు గొంతులోకి వచ్చింది.

"ఏమియ్యరు! తీస్కపోతరు!"

కత్తెర ఆగింది. "ఏం తీస్కపోతరు?"

"బడి!"

"బడి తీస్కపోవుడేంది? ఎవని జాగీరు?" అని ఆమె ఒక్కసారిగా లేచింది. ఒళ్లోని ఆకు ముక్కలన్నీ గడపలో రాలాయి. అక్కడి నుంచే గోడ మీదికి ఎగబడి, "ఓ వదినా! బడి తీస్కపోతున్రంట!" అని అరిచింది.

"ఏందీ? బెంచీలు గూడనా?" అని అటు నుంచి వచ్చింది.

"బెంచీలు, బీరువలు, అన్ని లారీల ఏస్కొని పోతరంట!" అన్నారు ఇంకెవరో, ఆ అవతల నుంచి. టీవీ చప్పుడు ఆగింది. తలుపులు తెరుచుకుంటున్నాయి. తీసుకుపోయేది బెంచీలను కాదు, తరగతులను, దాన్ని విలీనం అంటారు అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. సరైన మాట నాలుక చివరనే ఉంది. అప్పటికే గల్లీ సగం నిండింది. చేతులకు తంబాకు దుమ్ముతోనే ఒకామె పరుగున వచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, లారీ ఎప్పుడొస్తదంట?"

"రేపు. పది గొట్టంగ" అన్నాను. "లారీ కంటె ముందుగాల మనం ఉండాలె."